పాత కారు ఇంజన్లలో అల్యూమినియం మరల మరమ్మతు

స్పార్క్ ప్లగ్గు, హెడ్ స్టడ్డు, సంపు బోల్టు, కవరు స్క్రూ: ఇంజన్‌లో ఏది బిగించినా దాన్ని పట్టి ఉంచేది ఏదో ఒక రంధ్రం లోపల కోసిన మర. ఆ రంధ్రం అల్యూమినియం పోతలో ఉంటే ముందుగా దెబ్బతినేది బోల్టు కాదు, రంధ్రమే. బోల్టు పాడైతే పది రూపాయలతో పోతుంది. రంధ్రం పాడైతే దాని చుట్టూ ఉన్న హెడ్డో, క్రాంక్‌కేసో మొత్తం మూలన పడుతుంది. తయారీ ఆగిపోయి దశాబ్దాలైన కార్లకు కొత్త పోత దొరకడం కష్టం. దొరికినా, ఆ ఇంజన్ నంబరుతో పుట్టిన అసలు భాగం విలువ దానికి రాదు. అందుకే పాత కార్ల పునరుద్ధరణలో పోయిన మరను తిరిగి నిలబెట్టడం ఒక ప్రత్యేకమైన పనిగా ఎదిగింది. వర్క్‌షాపుల్లో దీన్ని త్రెడ్ పోవడం అంటారు. హైదరాబాద్ మెకానిక్కుల నోట అదే చూడీ పోవడం.

ఈ పనిపై ఒక అపోహ బలంగా ఉంది: మరమ్మతు చేసిన రంధ్రం ఎప్పటికీ అతుకు పెట్టినదే, అసలుదానికి సాటి రాదు అని. నిజానికి పద్ధతి ప్రకారం ఉక్కు ఇన్సర్ట్ (పాత మర స్థానంలో కూర్చునే కొత్త మర) దింపిన రంధ్రం, ఫ్యాక్టరీ నేరుగా అల్యూమినియంలో కోసిన మర కంటే ఎక్కువ బరువు మోస్తుంది. విమాన ఇంజన్లలో స్పార్క్ ప్లగ్ రంధ్రాలకు కొత్తప్పుడే ఇన్సర్ట్‌లు వేసి పంపుతారు. చెడగొట్టేది మరమ్మతు అన్న ఆలోచన కాదు. వంకరగా వేసిన డ్రిల్లు, రంధ్రం మోసే బరువును చూడకుండా చేతికి దొరికిన కిట్టుతో చేసిన పని.

లోహం స్వభావం

అల్యూమినియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు, పోత ఇనుముది సుమారు 7.2. వేడిని వేగంగా బయటికి పంపుతుంది, సంక్లిష్టమైన ఆకారాల్లోకి చక్కగా పోతపోయవచ్చు. ఇంజన్ రూపకర్తలు దాని వెంట పడింది ఇందుకే. కానీ మర విషయానికి వచ్చేసరికి ఇదే లోహానికి మూడు బలహీనతలు ఉన్నాయి.

మొదటిది మెత్తదనం. ఉక్కు బోల్టు, అల్యూమినియం మర ఒకదానితో ఒకటి పెనుగులాడితే తెగేది అల్యూమినియమే. బిగించిన బోల్టు లాగే బలం మర చుట్లన్నిటికీ సమానంగా పంపిణీ కాదు. తలకు దగ్గరగా ఉన్న మొదటి చుట్టే దాదాపు మూడో వంతు మోస్తుంది, కిందికి వెళ్లేకొద్దీ వాటా తగ్గుతుంది. మొదటి చుట్టు లొంగితే బరువు రెండోదానిపై పడుతుంది, అది లొంగితే మూడోదానిపై. మర పోవడం మొదలైతే ఒక్క ఊపులో మొత్తం పోయేది ఈ వరస వల్లే. ఉక్కులో బోల్టు వ్యాసమంత లోతు మర చాలు. అల్యూమినియంలో ఒకటిన్నర నుంచి రెండు రెట్ల లోతు ఉండాలన్నది రూపకల్పనలో పాటించే లెక్క.

రెండోది వ్యాకోచం. ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు అల్యూమినియం ప్రతి మీటరుకూ సుమారు 23 మైక్రాన్లు పెరిగితే ఉక్కు 12 మైక్రాన్లే పెరుగుతుంది. 200 మిల్లీమీటర్ల పొడవైన ఉక్కు స్టడ్డు అంతే మందం అల్యూమినియాన్ని బిగించి పట్టుకుని ఉందనుకుందాం. ఇంజన్ 100 డిగ్రీలు వేడెక్కితే అల్యూమినియం 0.46 మి.మీ., స్టడ్డు 0.24 మి.మీ. పెరగాలని చూస్తాయి. మిగిలిన 0.2 మి.మీ. పైచిలుకు తేడా స్టడ్డును సాగదీస్తుంది, కింద మరను పైకి గుంజుతుంది. చల్లారితే సడలుతుంది. కారు తీసిన ప్రతిసారీ ఇదే.

మూడోది తుప్పు. ఉక్కు, అల్యూమినియం తడిలో తగిలి ఉంటే అదొక చిన్న బ్యాటరీ అవుతుంది, కరిగిపోయేది అల్యూమినియం. నీటి జాకెట్టు గుండా పోయే స్టడ్డుల చుట్టూ తెల్లటి పొడి పేరుకుంటుంది. అసలు లోహం కంటే ఆ పొడి ఎక్కువ చోటు ఆక్రమించి స్టడ్డును కరిచిపట్టుకుంటుంది. దాన్ని పానా పెట్టి బలవంతంగా తిప్పితే స్టడ్డుతో పాటు మర కూడా ఊడి వస్తుంది.

వీటన్నిటికీ మనిషి చెయ్యి తోడవుతుంది. బోల్టు బిగించడానికి పెట్టే బలంలో సుమారు 90 శాతం రాపిడికే ఖర్చవుతుంది, బోల్టును సాగదీసి పట్టు తెచ్చేది మిగతా కొంచెమే. కాబట్టి పొడి మరకు పుస్తకంలో ఇచ్చిన టార్క్‌ను ఆయిల్ పూసిన మరకు అలాగే వాడితే అసలు బిగువు చాలా ఎక్కువవుతుంది. ఇక సంపు దగ్గర ఆయిల్ చెమ్మ కనిపించగానే ఇంకో పావు చుట్టు బిగించే అలవాటు ఎన్ని రంధ్రాలను పొట్టన పెట్టుకుందో చెప్పలేం. చెమ్మకు కారణం మామూలుగా వంగిన అంచో, ఎండిన గ్యాస్కెట్టో అయి ఉంటుంది. బోల్టుకు ఆ రెండింటితోనూ సంబంధం లేదు.

మర రకాలు, తప్పుడు జోడీలు

పాత కార్లలో ఒకే ఇంజన్ మీద రెండు మూడు ప్రమాణాల మరలు కనిపించడం మామూలే. బ్రిటన్‌లో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన మర కోణం 55 డిగ్రీలు. అమెరికా, బ్రిటన్, కెనడా 1948లో ఒప్పుకున్న యూనిఫైడ్ మరకు, మెట్రిక్ మరకు 60 డిగ్రీలు. ఎలక్ట్రికల్ సామానులోనూ కార్బ్యురేటర్లలోనూ కనిపించే సన్నని బీఏ మరది 47.5 డిగ్రీలు. బ్రిటిష్ కార్లు 1950లలో మెల్లగా యూనిఫైడ్ వైపు జరిగాయి కాబట్టి ఆ దశాబ్దపు బండ్లలో రెండూ కలిసి ఉండవచ్చు.

పావు అంగుళం విట్‌వర్త్‌కు, పావు అంగుళం యూనిఫైడ్ ముతక మరకు అంగుళానికి 20 చుట్లే. ఒకదానిలో ఒకటి సాఫీగా దిగుతుంది. కోణం కలవదు కాబట్టి మర పక్కలు పూర్తిగా ఆనవు. ఉక్కులో ఇది ఎలాగో నడిచిపోతుంది, అల్యూమినియంలో నడవదు. ఇంతకంటే ఎక్కువ నష్టం చేసేది 8 మి.మీ. బోల్టు. 5/16 అంగుళం అంటే 7.94 మి.మీ., కంటికి రెండూ ఒక్కటే. కానీ ముతక 5/16 మర చుట్ల మధ్య దూరం 1.41 మి.మీ., సాధారణ 8 మి.మీ. బోల్టుది 1.25. రెండు చుట్లు చేత్తో తిరుగుతాయి, మూడో చుట్టుకు పానా అడుగుతుంది, అక్కడి నుంచి బోల్టు తన దారి తానే కోసుకుంటూ పోతుంది. ఎంజీ కంపెనీ టీ శ్రేణి స్పోర్ట్స్ కార్లలోని ఎక్స్‌పీఏజీ ఇంజన్ ఇంకా తిక్కది: బోల్టు తలలు విట్‌వర్త్ పానాకు సరిపోతాయి, మరలు మాత్రం మెట్రిక్. అందులోనూ 8 మి.మీ.కి అరుదైన 1 మి.మీ. చుట్టు. తల చూసి మరను ఊహించిన వాళ్ల చేతిలో ఆ ఇంజన్ అల్యూమినియం సంపులు ఎన్నో బలయ్యాయి. ఏ రంధ్రానికైనా ట్యాపు పట్టే ముందు పిచ్ గేజ్‌తో పాత బోల్టును కొలవడం తప్పనిసరి కావడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

అల్యూమినియంలోకి దిగే వైపు ముతక మర, నట్టు ఎక్కే వైపు సన్న మర ఉన్న స్టడ్డులు పాత ఇంజన్లలో తరచూ కనిపిస్తాయి. మెత్తని లోహంలో లావైన చుట్టు తెగడానికి ఎక్కువ బలం కావాలి. సన్న మరతో నట్టును నిలకడగా బిగించవచ్చు. స్టడ్డును ఒకసారి దింపితే మళ్లీ కదిలించక్కర్లేదు, అరిగేది నట్టే. పదేపదే విప్పే చోట బోల్టు బదులు స్టడ్డు పెట్టడం వెనక ఉన్న తెలివి అది.

బీటిల్, 911

మర పోవడం ఒక మెకానిక్ తప్పు కాక, రూపకల్పన లోపం ఎలా అవుతుందో ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ చూపిస్తుంది. గాలితో చల్లబడే ఆ నాలుగు సిలిండర్ల ఇంజన్‌కు క్రాంక్‌కేసు మెగ్నీషియం మిశ్రమం. మర విషయంలో అది అల్యూమినియం కంటే కూడా మెత్తన. సిలిండర్లు పోత ఇనుము, హెడ్లు అల్యూమినియం. ఈ మొత్తాన్నీ పొడవైన ఉక్కు స్టడ్డులు క్రాంక్‌కేసుకు కట్టి పడేస్తాయి. మొదట్లో స్టడ్డులు 10 మి.మీ. మందం, హెడ్ నట్టు బిగువు సుమారు 31 న్యూటన్ మీటర్లు. ఇంజన్ వేడెక్కి హెడ్లు వ్యాకోచించినప్పుడు ఆ లావు స్టడ్డు సాగనని మొండికేస్తుంది, ఆ గుంజుడంతా మెగ్నీషియం మర మీద పడుతుంది. కొన్నేళ్లకు మర పైకి లేస్తుంది, హెడ్ సడలుతుంది, కంప్రెషన్ కారుతుంది.

దీనికి కంపెనీ తరవాత చేసిన మార్పు పైకి తలకిందులుగా కనిపిస్తుంది. స్టడ్డును లావు చేయలేదు, 8 మి.మీ.కి సన్నం చేసింది. బిగువు సుమారు 25 న్యూటన్ మీటర్లకు తగ్గించింది. క్రాంక్‌కేసులో ఉక్కు ఇన్సర్ట్ పెట్టింది. సన్న స్టడ్డు స్ప్రింగులా సాగి వేడి వ్యాకోచాన్ని తనలో ఇముడ్చుకుంటుంది. మరపై పడే గరిష్ఠ బలం తగ్గుతుంది. పాత 10 మి.మీ. క్రాంక్‌కేసులకు మార్కెట్లో కేస్ సేవర్ పేరుతో దొరికే బయట 14 మి.మీ. మర ఉన్న గుళ్లు ఇదే సూత్రాన్ని తిరిగి అమలు చేస్తాయి. అదే క్రాంక్‌కేసు అడుగున ఆయిల్ జల్లెడ మూతను పట్టే 6 మి.మీ. స్టడ్డుల బిగువు కేవలం 7 న్యూటన్ మీటర్లు. ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఈ నట్లు విప్పాలి. బీటిల్ మీద అన్నిటికంటే ఎక్కువగా పోయే మరల్లో ఇవి ఉండటంలో వింత లేదు.

పోర్షే 911 కథ ఇదే దారిలో నడిచి మరింత ఖరీదైంది. 1960ల చివరి నుంచి దాని క్రాంక్‌కేసు మెగ్నీషియం. సిలిండరుకు నాలుగు చొప్పున ఆరు సిలిండర్లకు 24 హెడ్ స్టడ్డులు. ఇంజన్ 2.7 లీటర్లకు పెరిగి, అందులో అమెరికా మార్కెట్ కోసం పొగను శుభ్రపరిచే థర్మల్ రియాక్టర్లు 1970ల మధ్యలో చేరాక వేడి హద్దు దాటింది, స్టడ్డులు మరలతో సహా ఊడి రావడం మొదలైంది. 1978 మోడల్ 911 ఎస్‌సీతో పోర్షే అల్యూమినియం క్రాంక్‌కేసుకు తిరిగి వచ్చింది. ఇప్పుడు 2.7 ఇంజన్ విప్పిన ఏ నిపుణుడైనా ఊడినవి రెండే అయినా మొత్తం 24 రంధ్రాలకూ ఇన్సర్ట్‌లు వేస్తాడు. ఒక్క స్టడ్డు కోసం ఇంజన్ మళ్లీ విప్పే ఖర్చు ముందు ఇన్సర్ట్ ధర ఏపాటిది?

అల్యూమినియాన్ని నమ్ముకున్న ఇంజన్లు ఇంకా ఉన్నాయి. 1961లో బ్యూయిక్ తెచ్చిన తేలికపాటి వీ8ను రోవర్ తీసుకుని 1967లో తన పీ5బీలో పెట్టింది. అందులో హెడ్ బోల్టులు నేరుగా అల్యూమినియం బ్లాకులోకి దిగుతాయి. 1963 నాటి హిల్‌మన్ ఇంప్ ఇంజన్‌కు మూలం కోవెంట్రీ క్లైమాక్స్ అగ్నిమాపక పంపు ఇంజన్. అది కూడా పూర్తి అల్యూమినియమే.

మన రోడ్ల మీద ఈ సమస్య ఎక్కువగా ఎదురైంది ఫియట్ 1100, దాని వారసురాలు ప్రీమియర్ పద్మిని దగ్గర. 1089 సీసీ ఇంజన్‌కు బ్లాకు పోత ఇనుము, హెడ్ అల్యూమినియం. హెడ్ స్టడ్డులు ఇనుములో ఉంటాయి కాబట్టి వాటికి పెద్దగా భయం లేదు. దెబ్బతినేది స్పార్క్ ప్లగ్ మర. అదే కాలంలో వీధుల్ని ఏలిన అంబాసిడర్ పెట్రోల్ ఇంజన్‌కు హెడ్డూ బ్లాకూ రెండూ పోత ఇనుమే. అక్కడ పని నేర్చుకున్న చెయ్యి పద్మిని ప్లగ్గును కూడా అదే ఊపుతో బిగించేది.

లక్షణాలు

బిగిస్తున్నప్పుడు పానాకు బరువు పెరుగుతూ పెరుగుతూ ఒక్కసారి పెరగడం ఆగిపోతే, ఆ క్షణంలో చెయ్యి ఆపాలి. మర లొంగుతోందని అర్థం. ఇంకా తిప్పితే బోల్టు బిగువు లేకుండా తిరుగుతూనే ఉంటుంది. వెనక్కి విప్పి చూస్తే దాని మర గాడిలో వెండిలా మెరిసే సన్నని అల్యూమినియం తీగ చుట్టుకుని కనిపిస్తుంది. నిన్నటిదాకా రంధ్రం గోడకు ఉన్న మర అదే, చుట్టు చెదరకుండా ఊడి వచ్చింది. ప్లగ్ మర వదులైతే ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆగి ఆగి చీదినట్టు శబ్దం వస్తుంది, ప్లగ్గు చుట్టూ నల్లటి నూనె మరక పడుతుంది.

పై రెండు చుట్లే దెబ్బతిని కింద మర బాగా ఉంటే పొడవైన బోల్టు వేసి సరిపెట్టవచ్చు. అయితే రంధ్రం లోతు ముందే కొలవాలి. బోల్టు అడుగు తగిలి ఆగితే బిగిసినట్టు అనిపిస్తుంది, కవరు మాత్రం వదులుగానే ఉంటుంది.

తీగచుట్ట ఇన్సర్ట్

హెలికాయిల్ అన్న వ్యాపార నామమే వాడుక పేరైపోయిన ఈ పద్ధతి రెండో ప్రపంచ యుద్ధ కాలపు అమెరికా విమాన ఇంజన్లలో విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. స్టెయిన్‌లెస్ స్టీలు తీగను అడ్డకోతలో వజ్రాకారం వచ్చేలా రోలింగ్ చేసి స్ప్రింగులా చుడతారు. ఆ చుట్ట బయటి అంచు కొత్తగా కోసిన పెద్ద మరలో కూర్చుంటుంది, లోపలి అంచు పాత బోల్టుకు మర అవుతుంది. బయట ఉన్నప్పుడు చుట్ట వ్యాసం రంధ్రం కంటే కాస్త పెద్దది. దింపేటప్పుడు ముడుచుకుని, వదలగానే విచ్చుకుని గోడను ఒత్తి పడుతుంది.

8 మి.మీ. బోల్టుకు అల్యూమినియంలో కోసే కొత్త మర బయటి వ్యాసం సుమారు 9.6 మి.మీ. అంటే కోతను తట్టుకునే వైశాల్యం 20 శాతం పెరిగింది. పైగా తీగకు కొంత సాగే గుణం ఉండటం వల్ల మొదటి చుట్టు ఒక్కటే మోసే బరువు కింది చుట్లకు కూడా పంచబడుతుంది. మరమ్మతు అసలు మర కంటే గట్టిదన్న మాటకు ఆధారం ఈ రెండు కారణాలే.

పని వరస ఇది. పాత మరను తగిన డ్రిల్లుతో తీసేయాలి, 6 మి.మీ. మరకు సుమారు 6.3, 8 మి.మీ.కి 8.3 నుంచి 8.4, 10 మి.మీ.కి 10.4 మి.మీ. డ్రిల్లు కిట్టుల్లో వస్తుంది. తరవాత ఇన్సర్ట్ కోసమే తయారైన ప్రత్యేక ట్యాపు. మామూలు ట్యాపు పనికిరాదు. అల్యూమినియం డ్రిల్లును కరిచి తనలోకి లాక్కునే లోహం కాబట్టి చేతి డ్రిల్లుతో పని ప్రమాదం. పిల్లర్ డ్రిల్లు దొరక్కపోతే ఉక్కు దిమ్మకు సరైన రంధ్రం వేసి దాన్ని గైడుగా పట్టుకోవాలి. రంధ్రం రెండు డిగ్రీలు వాలినా పొడవైన స్టడ్డు పై కొన పక్క రంధ్రంతో కలవదు. ట్యాపుకు కిరోసిన్ చుక్కలు వేస్తూ, ప్రతి అర చుట్టుకూ కొంత వెనక్కి తిప్పి ముక్క తెంపాలి. మన దగ్గర మూడు ట్యాపుల సెట్టు వాడతారు. మూసిన రంధ్రంలో చివరిదైన బాటమింగ్ ట్యాపు వెళ్లకపోతే ఇన్సర్ట్ అడుగుదాకా దిగదు.

చుట్టను పనిముట్టుకు తగిలించి, పై చుట్టు ముఖతలం కంటే పావు నుంచి అర చుట్టు కిందికి వెళ్లేదాకా దింపుతారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. పైకి పొడుచుకు వస్తే గ్యాస్కెట్ కూర్చోదు, బోల్టు దిగేటప్పుడు ఆ కొన పట్టుకుని చుట్ట మొత్తం తిరుగుతుంది. చివరగా అడుగున ఉండే అడ్డ తోకను విరచాలి. మూసిన రంధ్రంలో పంచ్‌తో ఒక్క దెబ్బ చాలు. సిలిండర్‌లోకో క్రాంక్‌కేసులోకో తెరుచుకునే రంధ్రంలో అలా కొడితే తోక లోపల పడుతుంది. స్టెయిన్‌లెస్ కాబట్టి అయస్కాంతానికి అంటుతుందన్న నమ్మకం లేదు. అక్కడ సన్న ముక్కు పట్టకారతో తోకను పట్టుకుని ఆడించి తీయాలి, లేదా తోక లేని రకం వాడాలి.

గట్టి గోడ ఇన్సర్ట్‌లు, లేతు బుష్

టైమ్-సర్ట్ రకం ఇన్సర్ట్ తీగ కాదు, లోపలా బయటా మర ఉన్న సన్నని ఉక్కు గొట్టం. పై అంచున చిన్న పళ్లెం ఉంటుంది. దాని కోసం రంధ్రం నోటిని కొంచెం వెడల్పు చేస్తారు, అందువల్ల ఇన్సర్ట్ అంతకంటే కిందికి పోదు. గొట్టం అడుగున రెండు మూడు మర చుట్లు పూర్తిగా కోయకుండా వదిలిపెడతారు. నూనె పూసిన దింపుడు ట్యాపు అక్కడికి చేరినప్పుడు ఆ లోహాన్ని బయటికి నొక్కి అల్యూమినియంలో బిగిస్తుంది. పదేపదే విప్పే బోల్టులకు, స్పార్క్ ప్లగ్గులకు, హెడ్ బోల్టులకు ఇది తీగచుట్ట కంటే నమ్మకమైనది. ధర కూడా ఆ మేరకే ఎక్కువ. కీన్‌సర్ట్ రకంలో గొట్టం దింపాక పక్కన ఉన్న చిన్న చీలలను సుత్తితో కొట్టి పాతుతారు. అది ఇక తిరగదు. కానీ గోడ మందంగా ఉండాలి, అంత చోటు అన్ని పోతల్లో ఉండదు.

కిట్టులు దొరకని రోజుల నుంచి మన ఊళ్లలో నడుస్తున్నది లేతు పని. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్ పరిసరాల్లోనో లేతు మీద ఇత్తడి లేదా ఉక్కు బుష్ తిరగతీసి, బయట పెద్ద మర, లోపల అసలు మర కోసి, జిగురు పూసి దింపుతారు. దీన్ని నాటు పని అని తీసిపారేయడం అన్యాయం. ఇత్తడి వ్యాకోచం డిగ్రీకి 19 మైక్రాన్ల దరిదాపు, అల్యూమినియానికి ఉక్కు కంటే దగ్గర. వేడిని కూడా బాగా మోస్తుంది. గోడ మందం సరిపడా ఉంచి, మర బిగుతుగా కోసి, అడుగున ఆపడానికి మెట్టు పెడితే ఈ బుష్ దశాబ్దాలు నిలుస్తుంది. చెడేది గోడ కాగితంలా పల్చబడ్డప్పుడూ, లోపలి మర బయటి మరతో ఒకే కేంద్రం మీద లేనప్పుడూ.

స్పార్క్ ప్లగ్ రంధ్రం

మిగతా రంధ్రాల్లో మర బరువు మోస్తే చాలు. ఇక్కడ మంటను ఆపాలి, వేడిని మోయాలి, వందల సార్లు విప్పి బిగించినా తట్టుకోవాలి. పాత కార్లలో ఎక్కువగా ఉండే 14 మి.మీ. ప్లగ్గుకు అల్యూమినియం హెడ్‌లో సాధారణ బిగువు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. ప్లగ్గు మర పొడవు పాత ఇంజన్లలో 12.7 మి.మీ. అయితే, కొత్త తరహా వాటిలో 19. పొట్టి ప్లగ్గును పొడవు రంధ్రంలో వేస్తే అడుగు చుట్లలో మసి గట్టిపడుతుంది. తరవాత ఎవరో సరైన పొడవు ప్లగ్గు వేసేసరికి అది మసిని చీల్చుకుంటూ వెళ్లి మరను కూడా చీలుస్తుంది.

గ్యాసును ఆపేది మర కాదు, ప్లగ్గు కింది వాషర్ హెడ్ మీద ఆనే ముఖం. అందుకే ఇన్సర్ట్ పళ్లెం ఆ ముఖం కంటే అర మిల్లీమీటరు పైకి నిలిచినా ప్లగ్గు ఇన్సర్ట్ మీద కూర్చుంటుంది, వేడి హెడ్‌లోకి దిగే దారి సగం మూసుకుపోతుంది. కింది వైపు పొడుచుకు వస్తే ఆ అంచు దహన గదిలో ఎర్రగా కాలి మిశ్రమాన్ని వేళకు ముందే అంటిస్తుంది. రెండు వాల్వు సీట్ల మధ్య లోహం పల్చగా ఉండే హెడ్లలో పెద్ద ఇన్సర్ట్ కోసం తవ్వితే పగులు పుడుతుంది. అలాంటి చోట తీగచుట్టే మేలు.

హెడ్ విప్పకుండా ఈ పని చేయవచ్చా అన్నది ప్రతి కారు యజమానీ అడిగే ప్రశ్న. చేయవచ్చు. ట్యాపు గాళ్లలో దట్టంగా గ్రీజు నింపి, రెండు మూడు చుట్లకోసారి బయటికి తీసి తుడిచి, చివర సన్న గొట్టంతో సిలిండర్‌లోని ముక్కలు పీల్చేస్తే పని అవుతుంది. హెడ్ విప్పి, బల్ల మీద పెట్టి, డ్రిల్లు మిషన్ కింద చేస్తే నిటారుతనానికి, శుభ్రతకు రెండింటికీ హామీ. ఖరీదైన లేదా అరుదైన హెడ్ అయితే రెండో దారే పట్టాలి. గ్యాస్కెట్ ఖర్చు గురించి ఆలోచించే సందర్భం కాదది. ప్లగ్గును చల్లారిన ఇంజన్ నుంచే విప్పడం, మొదటి చుట్లు చేత్తోనే తిప్పడం మరను కాపాడే అలవాట్లు. ప్లగ్ మరకు జిడ్డు పూస్తే రాపిడి తగ్గి బిగువు దాటిపోతుంది కాబట్టి, పూసినప్పుడు టార్క్ తగ్గించాలి.

వెల్డింగ్, ఎపాక్సీ

రంధ్రం అంచు విరిగిపోయినా, ముందటి మరమ్మతు కోడిగుడ్డు ఆకారంలో తవ్వి వదిలినా ఇన్సర్ట్‌కు చోటు ఉండదు. అప్పుడు టిగ్ వెల్డింగ్‌తో పూడ్చి, కొత్తగా డ్రిల్లు వేసి మర కోస్తారు. పాత పోతల గుల్లల్లో దశాబ్దాల ఆయిల్ ఇంకి ఉంటుంది. వేడి తగలగానే అది పొంగి వెల్డులో బుడగలు పెడుతుంది. అందుకే ముందు కడిగి, కాల్చి, మళ్లీ కడగాలి. వెల్డు వేడికి హెడ్ వంగుతుంది, వేడి చికిత్సతో వచ్చిన గట్టిదనం ఆ చుట్టుపక్కల తగ్గుతుంది. కాబట్టి తరవాత ముఖాన్ని మిల్లింగ్ చేయక తప్పదు. మెగ్నీషియం క్రాంక్‌కేసుకు ఫిల్లర్ కడ్డీ వేరు, జాగ్రత్తలు వేరు. దాని సన్నపొట్టు అంటుకుంటే నీళ్లు పోయడం మంటను పెంచడమే. డ్రిల్లు వేసే బల్ల దగ్గర పొడి ఇసుక ఉంచుకోవాలి.

ఎపాక్సీలు కవరు స్క్రూలకు, బరువు మోయని బ్రాకెట్లకు పర్వాలేదు. హెడ్ స్టడ్డుకో ప్లగ్గుకో వాడటం మరమ్మతు అనిపించుకోదు.

విరిగిన స్టడ్డు, విరిగిన ట్యాపు

మర పోవడానికి ముందు మెట్టు చాలాసార్లు స్టడ్డు విరగడమే. విరిగిన ముక్క మీద నట్టు పెట్టి వెల్డు చేస్తే ఆ వేడికి తుప్పు పట్టు వదులుతుంది, నట్టుతో తిప్పి తీయవచ్చు. ఎడమ వైపు తిరిగే డ్రిల్లుతో మధ్యలో తవ్వడం మరో దారి. చాలామంది చేతికి ముందు దొరికే కోణాకారపు ఎక్స్‌ట్రాక్టర్ లోపల విరిగితే, అది డ్రిల్లుకు లొంగని గట్టి ఉక్కు కాబట్టి కష్టం రెట్టింపవుతుంది.

రంధ్రంలో విరిగిన ట్యాపుకు గడియారాల మరమ్మతుదారుల నుంచి వచ్చిన ఉపాయం ఒకటి ఉంది: పటిక. వేడి నీళ్లలో చిక్కగా కలిపిన పటిక ద్రావణం ఉక్కును మెల్లగా తినేస్తుంది, అల్యూమినియాన్ని పెద్దగా తాకదు. కార్బన్ స్టీలు ట్యాపు మీద బాగా పని చేస్తుంది. ద్రావణం గంటల తరబడి వేడిగా ఉండాలి కాబట్టి చిన్న భాగాలకే అనువు. క్రాంక్‌కేసు లాంటి పెద్ద పోత అయితే విద్యుత్ మెరుపులతో లోహాన్ని తినే స్పార్క్ ఎరోజన్ మిషన్ ఉన్న టూల్ రూమ్‌కు పంపడమే.

తిరిగి బిగించడం

మూసిన రంధ్రంలో కిరోసినో ఆయిలో మిగిలిపోతే బోల్టు దిగేటప్పుడు ఆ ద్రవానికి పోయే దారి ఉండదు; నొక్కుడు పెరిగి పోత పగులుతుంది. గాలి కొట్టి, గుడ్డతో తుడిచి, రంధ్రం అడుగు పొడిగా ఉందని చూశాకే బోల్టు దింపాలి. నీటి జాకెట్టులోకి వెళ్లే మరకు సీలెంట్ పూయాలి. స్టెయిన్‌లెస్ ఇన్సర్ట్ కూడా అల్యూమినియాన్ని తుప్పుపట్టించేదే కాబట్టి తడి తగిలే చోట దాని బయటి మరకూ పూత కావాలి. కూలెంట్‌లో తుప్పు నిరోధకం అయిపోతే ఈ జాగ్రత్తలేవీ ఎక్కువ కాలం పని చేయవు.

ఇన్సర్ట్ వేసిన రంధ్రం ఉక్కు మరతో బోల్టును పడుతుంది కాబట్టి టార్క్ పెంచుకోవచ్చని కొందరు అనుకుంటారు. బిగువు నిర్ణయమయ్యేది గ్యాస్కెట్టూ, బోల్టూ, పోతా కలిసి తట్టుకోగలిగినదాన్ని బట్టి. కాబట్టి పాత అంకెకే కట్టుబడాలి. బిగువు లెక్కలో ఒక సిలిండరును పట్టే నాలుగు స్టడ్డులు ఒక్క జట్టు. ఒకటి ఇత్తడి బుష్‌లో, మూడు అసలు మరలో ఉన్న హెడ్ వేడికి ఒకేలా సాగదు. హెడ్ స్టడ్డుల విషయంలో జట్టు మొత్తానికీ ఒకే రకం ఇన్సర్ట్ వేయాలని నిపుణులు పట్టుబట్టేది అందుకే.

వేసిన ఇన్సర్ట్ కూడా ఎప్పుడో ఊడి రావచ్చు. తీగచుట్ట ఊడితే గట్టి గోడ ఇన్సర్ట్ వేస్తారు. అది కూడా వదులైతే దానికే పెద్ద సైజు దొరుకుతుంది. ఆ పైన లేతు బుష్. మెట్టు మెట్టుకూ రంధ్రం పెద్దదవుతూ చుట్టూ ఉన్న పోత గోడ పల్చబడుతుంది. గోడ ఇక ఇన్సర్ట్‌ను మోయలేదని తేలినప్పుడు మొత్తాన్నీ వెల్డుతో పూడ్చి, ముఖం మిల్లింగ్ చేసి, మొదటి సైజు డ్రిల్లుతో మళ్లీ మొదలుపెట్టాలి.